జుట్టు మీద బెంగ

వీధి మలుపులో ఉన్న కళ్ళజోళ్ళ దుకాణంలో, ముందు కౌంటరు దగ్గర నిలబడి పనిచేసే ఆమెను అందరూ కళ్ళజోళ్ళక్క అని పిలిచేవారు. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే అనేవారు. ఎదుటి మనిషికి ఫ్రేము పెట్టేటప్పుడు ఆమె అంత దగ్గరగా వచ్చేది మరి. చెవుల మీద పడ్డ జుట్టును రెండు వేళ్ళతో వెనక్కి తోసి, ఫ్రేము కాడలను చెవుల మీదుగా జార్చి, ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో తల వాల్చి చూసి, ఆ తర్వాతే అద్దం ముందుకు జరిపేది.

"చూసుకోండి. మీరేనా, ఇంకెవరైనా వచ్చారా?" అనేది. మొహం ముడుచుకుని వచ్చినవాళ్ళు కూడా ఆ మాటకు నవ్వేవారు.

ఆమెకు నడుము దాటే జడ ఉండేది. కింది అరలోంచి ఫ్రేములు తీయడానికి వంగితే అది ముందుకు జారి గాజు బల్లను తుడిచేసేది. "నీ జడకి కూడా జీతం ఇవ్వమంటావా ఏంటి?" అని దుకాణం యజమాని ఎగతాళి చేసేవాడు. ఇంట్లో భర్తది ఇంకో గొడవ. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా ఇనప తాళ్ళతో కుస్తీ పట్టి ఇంటికొస్తే స్నానాల గది తూములో ఆమె వెంట్రుకలు అడ్డుపడి నీళ్ళు పోయేవి కావు. "లోపల నువ్వో తాడు పేనుతున్నట్టున్నావే, దానికి లిఫ్టు కట్టొచ్చు," అంటూ మోకాళ్ళ మీద కూర్చుని తూము బాగుచేసేవాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి, తడి జుట్టు విదిలించి ఆయన మీద చుక్కలు పడేలా చేసేది.

ఒకరోజు పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే వెనక నుంచి కూతురు, "అమ్మా, ఇక్కడ జుట్టేది?" అని అడిగింది.

చెవి వెనక చిన్న బిళ్ళంత మేర చర్మం నున్నగా ఉంది. దురద లేదు, మంట లేదు. నాలుగు రోజుల్లో పక్కనే ఇంకో బిళ్ళ వచ్చింది. తర్వాత దువ్వెన పెడితే చాలు, గుప్పెట నిండా ఊడి వచ్చేది. పొద్దున లేచేసరికి దిండంతా వెంట్రుకలే.

చర్మవ్యాధుల డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. "ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే పొరబడ్డాయి. జుట్టు కుదుళ్ళని శత్రువులనుకుని తరిమేస్తున్నాయి. మీ తప్పేం లేదు. ప్రాణానికేం భయం లేదు. జుట్టు మళ్ళీ రావచ్చు, రాకపోనూవచ్చు."

సూదులు వేశారు, పూతలు రాశారు. చలికాలం వచ్చేసరికి తల మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. కనుబొమలు పోయాయి, రెప్పల మీద వెంట్రుకలూ పోయాయి.

ప్రాణానికేం భయం లేదన్న మాట ఆమెకు ఊరట కాలేదు సరికదా, నోరు కట్టేసింది. చుట్టాలూ, తోటి పనివాళ్ళూ, పక్కింటివాళ్ళూ అందరూ అదే మాట. ప్రాణం మీదికి రాలేదు కదా, అదే పదివేలు అనేవారు. నిజమే. నిజం కాబట్టే ఆమె ఎవరి ముందూ ఏడవలేకపోయింది. చెయ్యి మాత్రం మాట వినేది కాదు. కింది అరలోకి వంగే ముందు జడను వెనక్కి వేసుకోవడానికి అదంతట అదే భుజం మీదికి వెళ్ళేది. అక్కడేమీ దొరక్క కాసేపు మెడ దగ్గరే ఉండిపోయేది.

దుకాణానికి తలగుడ్డ కట్టుకుని వెళ్ళింది. కనుబొమలు లేని లోటు తెలియకుండా మందపాటి నల్ల ఫ్రేము ఒకటి ఎంచి, పవరు లేని అద్దాలు వేయించుకుని పెట్టుకుంది. అది సరిగ్గా కనుబొమలు ఉండాల్సిన చోట కూర్చుంది. ఆ ఉపాయానికి యజమాని కూడా మెచ్చుకున్నాడు. కానీ వచ్చినవాళ్ళు అద్దంలో తమ మొహం చూసుకోవడం మానేసి ఆమె మొహం చూడసాగారు. కొందరు జాలిగా చూసేవారు, కొందరు కుర్చీని కాస్త వెనక్కి లాక్కునేవారు. ఒకావిడ తన పిల్లవాడిని పట్టుకుని, "అక్క చెయ్యి తగలనివ్వకు, ఏం జబ్బో ఏమో," అని గుసగుసగా అంది. గుసగుసే అయినా అందరికీ వినబడింది.

ఆ సాయంత్రం యజమాని నేల చూపులు చూస్తూ, "కొన్నాళ్ళు వెనక గదిలో అద్దాలు అరగదీసే పని చూస్తావా అమ్మా? నీకూ విశ్రాంతిగా ఉంటుంది," అన్నాడు. చెడ్డవాడు కాదు. జీతం తగ్గించలేదు. ఆమె సరేనంది.

వెనక గదిలో యంత్రం రొదకు ఎవరి మాటా వినబడేది కాదు. పిండిలా రాలే అద్దం పొడి మధ్య కూర్చుని, ముందు గదిలో ఎవరో నవ్వినట్టు అనిపిస్తే యంత్రం ఆపి చెవి ఒగ్గేది. కొత్తగా చేరిన అమ్మాయి అద్దం జరుపుతూ ఏమంటుందో వినాలనిపించేది. ఆ అమ్మాయి ఏమీ అనేది కాదు.

ఊడిన జుట్టులో ఒక్క పోగు కూడా ఆమె పారేయలేదు. అంతా ఒక పాత దిండు గలీబులో దాచింది. ఎందుకో మొదట తనకే తెలియలేదు. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. ఆ గలీబు చంకన పెట్టుకుని, సినిమావాళ్ళకు, నాటకాలవాళ్ళకు విగ్గులు చేసే ముసలాయన దగ్గరికి వెళ్ళింది. ఇరుకు మెట్లెక్కితే వచ్చే మేడ గది అది. గోడ పొడుగునా చెక్క తలలు, వాటి మీద సగం కుట్టిన విగ్గులు. ఆయన ఒక జల్లెడ గుడ్డ మీద వంగి, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకే ముడివేస్తున్నాడు.

గలీబు విప్పి ఆయన ముందు పెట్టింది. "ఇది నాదేనండీ. దీంతోనే చేసిపెట్టండి."

ఆయన గుప్పెడు తీసి వెలుతురుకు పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"మంచి జుట్టమ్మా," అన్నాడు. "కానీ ఊడిన జుట్టు పనికిరాదు. కోసిన జుట్టయితే కుదురెటో కొసెటో తెలుస్తుంది. ఇందులో అన్నీ తలకిందులైపోయాయి. కట్టినా వారం తిరక్కుండా ఉండ చుట్టుకుపోతుంది. నిన్ను మోసం చెయ్యలేను."

ఆమె ఆ గుప్పెడును ఆయన చేతిలోంచి తీసుకుని మళ్ళీ గలీబులో పెట్టి మూతి కట్టింది.

వేరే జుట్టుతో చేస్తే ఎంతవుతుందో ఆయన చెప్పాడు. అది విని ఆమె లేచి నిలబడింది. "కూర్చోమ్మా," అన్నాడాయన. "నీకు బీమా ఉందా? జబ్బుతో జుట్టు పోయినవాళ్ళకి ఈమధ్య బీమావాళ్ళు కొందరికి ఇస్తున్నారు. అడిగి చూడు. అడిగితే పోయేదేముంది?"

దుకాణం తరఫున ఆరోగ్య బీమా ఉంది. డాక్టరమ్మ చీటీ రాసింది. విగ్గు అవసరమని ఒకే ఒక్క వాక్యం. కాగితాలు పంపిన కొన్ని వారాలకు జవాబొచ్చింది. విగ్గు అలంకార వస్తువు కనుక బీమా వర్తించదట.

భర్త ఆ ఉత్తరం చదివి మడిచి బల్ల మీద పెట్టాడు. "పోనీలే. నువ్వెలా ఉన్నా నాకు బాగానే ఉంటావు," అన్నాడు.

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అయినా ఆమెకు ఒళ్ళు మండింది. "మీకోసం అడగట్లేదు నేను," అంది. ఆయన లేచి వెళ్ళి స్నానాల గదిలో కుళాయి బిగించాడు. కుళాయి బాగానే ఉంది.

విషయం తెలిసి ఆడపడుచు వచ్చింది. భర్తకు అక్క ఆవిడ. నాలుగు వీధుల అవతల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం నడుపుతుంది. మరక పోలేదని తగాదాకొచ్చేవాళ్ళతో రోజూ వాదించి వాదించి ఆవిడ గొంతు రాటుదేలింది. ఉత్తరం చూసి మండిపడింది.

"అలంకారమా? కాలు పోతే కర్రకాలు ఇస్తారు, పన్ను పోతే పన్ను కడతారు. తలకి పెట్టేసరికి అలంకారం అయిపోయిందా? ఆ రాసినవాడి తల మీద ఉన్నదేంటో ఓసారి అడిగొస్తా, చిరునామా ఇవ్వు!"

"వద్దులే వదినా."

"వద్దంటే ఎలా? ఆడపడుచుగా నీతో జుట్టూ జుట్టూ పట్టుకుని పోట్లాడే హక్కు నాది. నీకు లేకపోయేసరికి నాకెంత నష్టమో చూడు!"

ఆమె పకపకా నవ్వింది. జుట్టు పోయాక అలా నవ్వడం అదే మొదలు. కానీ ఉత్తరాన్ని మాత్రం సొరుగులో పెట్టేసింది. తను అడిగింది అలంకారమేనేమో, తనకే సిగ్గు లేదేమో అని లోపల ఎక్కడో అనిపించింది.

ఆ రోజుల్లో ఆమెకు మిగిలిన సుఖం ఒక్కటే. పొద్దున కూతురికి జడలు వేయడం. పదమూడేళ్ళ పిల్ల. అచ్చం తల్లి జుట్టే. దువ్వెన దిగనంత ఒత్తు. చిక్కులు తీయడం అయిపోయినా ఆమె దువ్వుతూనే ఉండేది. వేసిన జడ విప్పి పాయలు సమంగా రాలేదని మళ్ళీ అల్లేది.

"అమ్మా, అయిందా? బస్సొచ్చేస్తుంది."

"ఇంకొంచెం."

బడిలో ఈత పోటీల జట్టుకు ఆ పిల్ల ఎంపికైంది. తడి జుట్టు ఆరక రోజూ జలుబు, టోపీలో పట్టక అవస్థ. జుట్టు కత్తిరించుకుంటానంది. తల్లి కుదరదంది. పిల్ల బతిమాలింది, అలిగింది, తండ్రి చేత చెప్పించింది. తల్లి కుదరదంటే కుదరదంది. చివరికి ఓ సాయంత్రం పిల్ల నోటికొచ్చింది అనేసింది.

"నీకు లేదని నా జుట్టు నువ్వు దాచుకుంటున్నావా?"

అన్నాక ఆ పిల్లే భయపడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. భర్త చేతిలోని గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆమె వంటగదిలోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

మర్నాడు కూతుర్ని తనే తీసుకెళ్ళి క్షౌరశాలలో కూర్చోబెట్టింది. కత్తెర ఆడినంతసేపూ పక్కనే నిలబడింది. జడ చివరి నుంచి మెడ దాకా ముక్కలు ముక్కలుగా కిందపడుతుంటే ఆమె కళ్ళు తిప్పుకోలేదు. కత్తిరించడం పూర్తయ్యాక పిల్ల తల అటూ ఇటూ ఊపి, "ఎంత తేలిగ్గా ఉందో!" అంది. వెంటనే తల్లి వంక చూసి, "సారీ అమ్మా," అంది.

"బాగున్నావు," అంది ఆమె. అబద్ధం కాదు. నిజంగానే బాగుంది పిల్ల. ఊడ్చేవాడు చీపురుతో జుట్టంతా మూలకు తోస్తుంటే అడిగి తెచ్చుకుందామా అని ఒక క్షణం అనిపించింది. అడగలేదు.

మరుసటి రోజు పొద్దున దువ్వెన పట్టుకుని ఆమె గది మధ్యలో నిలబడిపోయింది. పిల్ల చేతివేళ్ళతో జుట్టు ఒకసారి వెనక్కి దువ్వుకుని బస్సుకు పరిగెత్తింది. ఆమె ఆ రోజు పనికి వెళ్ళలేదు. సొరుగులోంచి ఉత్తరం తీసి, ఆడపడుచు దుకాణానికి నడిచింది.

"వదినా, వాళ్ళతో మాట్లాడదాం పద."

ఇద్దరూ ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఉత్తరం చదివి తల పట్టుకుంది. "విగ్గు అని రాయడం నా పొరపాటు. ఆ మాట కంటపడగానే అలంకారాల కింద తోసేస్తారు. ఇది జబ్బు వల్ల పోయిన శరీరభాగానికి బదులు పెట్టేది. తలకు కృత్రిమ కేశ అవయవం అని రాస్తాను, జబ్బు పేరూ, చేసిన వైద్యమూ అన్నీ రాస్తాను. పునర్విచారణ అడగండి. వాళ్ళు పిలుస్తారు."

బయటికొచ్చాక ఆడపడుచు ఆ మాటను నాలుగైదుసార్లు పలికి చూసుకుంది. "కృత్రిమ కేశ అవయవం! పేరు పెట్టగానే వస్తువుకి ఎంత హోదా వచ్చిందో చూశావా? ఇకనుంచి నా ఇస్త్రీపెట్టెకి కూడా ఇలాంటి పేరొకటి పెట్టాలి."

పిలుపొచ్చిన రోజు ఆడపడుచు దారంతా పాఠం చెప్పింది. "ఎండ, చలి, దుమ్ము. ఈ మూడూ మర్చిపోకు. చెమట కళ్ళల్లోకి కారుతోందని చెప్పు. ఏడవకు. ఏడిస్తే షోకు కోసం ఏడుస్తోందనుకుంటారు."

బీమా ఆఫీసులో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో పెద్దావిడ. ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క కాగితాలు తిరగేసే అధికారి. ఆ అధికారి కళ్ళజోడు ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎడమ కాడ కాస్త వంచితే సరిపోతుంది. ఆమె వేళ్ళు జివజివలాడాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ డాక్టరు రాసింది చదివాం," అన్నాడు అధికారి. "ఇది లేకపోవడం వల్ల మీ ఆరోగ్యానికి ఇబ్బందేమిటో మీ మాటల్లో చెప్పండి."

ఆమె ఎండ అంది, చలి అంది. దుమ్ము దగ్గర ఆగింది. ఆడపడుచు మోచేత్తో పొడిచింది.

"అవన్నీ నిజమేనండీ," అంది ఆమె. "కానీ వాటికి తలగుడ్డ కట్టుకుంటే సరిపోతుంది. నాకు జుట్టు మీద బెంగగా ఉందండీ."

"బెంగా?"

"ఊరెళ్ళిన మనిషి మీద పెట్టుకుంటాం చూడండి, అలాంటి బెంగ. తిండి సయించదు. పొద్దున లేవగానే దిండు మీద చెయ్యి పెట్టి వెతుకుతాను. నా జుట్టు ఇంక రాదని నాకు తెలుసు. మీరిచ్చేది నాది కాదని కూడా తెలుసు. నేను ముందు గదిలో పనిచేసే మనిషినండీ. వచ్చినవాళ్ళకి కళ్ళజోడు పెట్టి, వాళ్ళ మొహం వాళ్ళకి చూపించడం నా పని. ఇప్పుడు వెనక గదిలో ఉంటున్నాను. బలవంతాన ఎవరూ పొమ్మనలేదు. నా అంతట నేను ముందుకి రాలేకపోతున్నాను."

ఆమె ఏడవలేదు. పక్కన ఆడపడుచే కళ్ళు తుడుచుకుంటోంది.

మధ్యలోని పెద్దావిడ డాక్టరు వైపు తిరిగి, "ఈ జబ్బులో మనోవ్యాధి మామూలేనా?" అని అడిగింది. "చాలా మామూలు. దానికి మందులు వాడితే మనమే ఖర్చు భరిస్తాం కూడా," అన్నాడాయన. అధికారి కళ్ళజోడు పైకి తోసుకుని ఏదో రాసుకున్నాడు.

కొన్నాళ్ళకు వేరే ఉత్తరం వచ్చింది. కృత్రిమ అవయవాల కింద ఒప్పుకున్నారు. ఖర్చులో పెద్ద వాటా బీమా ఇస్తుంది. మళ్ళీ కొన్నేళ్ళ దాకా ఇంకోటి అడగకూడదు. మిగతాది ఇంట్లోవాళ్ళు సర్దుకున్నారు. ఆడపడుచు ఆ ఉత్తరం తన దుకాణంలో గోడకు అంటిస్తానని పట్టుబట్టింది. తమ్ముడు బలవంతాన లాక్కోవాల్సి వచ్చింది.

ముసలాయన ఆమె తల చుట్టూ కొలతలు తీసుకుని రెండు నెలలు కూర్చుని కుట్టాడు. నడుము దాకా పెడితే బరువు, నిలవదు, భుజాల దాకా చాలన్నాడు. మొదటిసారి తలకు అమర్చినప్పుడు ఆమె అద్దంలో చాలాసేపు చూసుకుంది. ఎవరో తెలిసిన మనిషిలా ఉంది. తన చెల్లెలు అని ఎవరైనా అంటే నమ్మేలా ఉంది. తనకు చెల్లెళ్ళు లేరు.

"ఈ జుట్టు ఎవరిదండీ?" అని అడిగింది.

"తెలియదమ్మా. కట్టలుగా వస్తుంది. పేర్లుండవు."

ఇంటికొచ్చాక కూతురు అడిగి మరీ దానికి చిన్న జడ వేసింది. భర్త చూసి, బాగుందనబోయి, మునుపు తిన్న చీవాట్లు గుర్తొచ్చి, "నీకు నచ్చిందా?" అని అడిగాడు. ఆమె తలూపింది. ఆ రాత్రి దాన్ని తీసి చెక్క తలకు తగిలించి, తడిగుడ్డతో నెత్తి తుడుచుకుని పడుకుంది.

మళ్ళీ ముందు కౌంటరుకు వచ్చింది. తన కళ్ళజోడు కాడలు విగ్గు కిందికి దూరేలా తనే వేడిచేసి తిన్నగా సాగదీసుకుంది. వచ్చినవాళ్ళు మళ్ళీ అద్దంలో తమను తాము చూసుకోసాగారు. ఒకరిద్దరు, "జుట్టు కత్తిరించారా అక్కా? బాగుంది," అన్నారు. అవునంది. పొడుగాటి జుట్టున్న ఆడపిల్ల వస్తే మాత్రం, చెవుల మీద జుట్టు వెనక్కి తోసే ఆ రెండు వేళ్ళు ఒక లిప్తపాటు అక్కడే ఆగేవి. పిల్లలకు తెలిసేది కాదు.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఆమె దుకాణం నుంచి బయల్దేరింది. సగం దారిలో వాన కమ్ముకొచ్చింది. గొడుగు లేదు. విగ్గు తడిస్తే పాడవుతుంది కనుక పరిగెత్తి, మూసి ఉన్న ఒక మందుల దుకాణం చూరు కింద నిలబడింది. ఎదుటి వైపు నుంచి ఒక అమ్మాయి తడుస్తూనే వచ్చింది. పరిగెత్తడం దండగనుకుందో ఏమో, రోడ్డు మధ్యలోనే ఆగింది. జడ ముందుకు వేసుకుని, బట్ట పిండినట్టు రెండు చేతులతో మెలితిప్పి పిండింది. నీళ్ళు ధారగా కారాయి. జడను వీపు మీదికి విసురుకుంది. అది చప్పుడు చేస్తూ తగిలింది. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ జడ తగిలిన చప్పుడు ఆమెకు తన వీపు మీదే వినబడింది. ఆ చల్లదనం, తల వెనక్కి లాగే ఆ తడి బరువు, రవికలోంచి వెన్ను వెంబడి జారే ఆ నీళ్ళు. కళ్ళు మూసుకుని, గోడకు వీపు ఆనించి ఎంతసేపో అలాగే నిలబడింది.

సంచీలో ఫోను మోగింది. భర్త. "ఎక్కడున్నావు? ఇక్కడింకా చినుకులు పడుతున్నాయి. గొడుగు తెమ్మంటావా?"

"వద్దు," అంది. "వాన తగ్గాక వస్తాను."

అప్పటికి ఆ వీధిలో వాన తగ్గి చాలాసేపయింది.